బొమ్మ చెప్పిన బుద్ధులు

అవ్వకు కథ వచ్చు, అక్షరం రాదు. మనవరాలికి అక్షరం వచ్చు, కానీ అది తెలుగుది కాదు. ఇద్దరి మధ్యా మిగిలింది ఒక్క బొమ్మల పుస్తకం! పొరుగు రాష్ట్రాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లలకు మంచీ చెడూ చెప్పే పని ఇప్పుడు చాలావరకు ఆ పల్చటి పుస్తకం మీదే పడింది. మరి ఎలాంటి పుస్తకం కొనాలి? ఎవరు చదవాలి? ఎలా చదవాలి?

రాత్రి ఎనిమిదిన్నర. హోసూరులో మా ఇల్లు. ఏడేళ్ల మా అమ్మాయి కొత్త పుస్తకం పట్టుకుని అవ్వ పక్కన చేరింది.

"అవ్వా, దీంట్లో ఏమి రాసుండాది?"

"నాకేమి తెలుసు తల్లీ.. బడికి పోయేది నువ్వు కదా!"

"ఇది తెలుగు. మా బడిలో లేదు."

కాసేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అవ్వ కళ్లజోడు సర్దుకుని బొమ్మ మీద వేలు పెట్టింది. "ఈ నక్క మొహం చూడు.. ఎవరినో ముంచేదానికే పోతా ఉండాది" అంది. అంతే! కథ మొదలైంది. అది పుస్తకంలో ఉన్న కథ కాదు. అవ్వ తన అవ్వ దగ్గర విన్న కథ. కానీ బొమ్మలకు సరిగ్గా అతికింది. పుస్తకం చివరి పేజీలో లావు అక్షరాలతో 'నీతి' అని ఒక వాక్యం ఉంది. దాన్ని ఇద్దరూ చదవలేదు. చదవగలిగిన నేను కూడా చదివి వినిపించలేదు. ఆ అవసరం కనిపించలేదు.

నేను ఇక్కడే తెలుగు మీడియంలో పది వరకు చదివాను. నా భార్యది మాలూరు వైపు, చదువంతా కన్నడంలో. అమ్మాయికి బడిలో ఇంగ్లీషు, తమిళం. మా అమ్మ బడి ముఖమే చూడలేదు. నలుగురం మనుషులం, ఇంట్లో నాలుగు లిపులు, నోట్లో మాత్రం ఒకటే తెలుగు! బళ్లారి, పావగడల్లో అయితే కన్నడం, బరంపురం, రాయగడల్లో ఒడియా, సిరొంచ, బల్లార్షాల్లో మరాఠీ. లిపి పేరు మారుతుందంతే. ఇల్లు మాత్రం ఇదే.

బడిలో లేని అక్షరం

తమిళనాడులో 2006లో, కర్ణాటకలో 2015లో, మహారాష్ట్రలో 2020లో ఆయా రాష్ట్ర భాషను బడుల్లో తప్పనిసరి చేస్తూ చట్టాలు వచ్చాయి. ఉన్న ఊరి భాష నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. నేర్చుకోవాలి కూడా. అంగడికి పోవాలన్నా, ఆఫీసులో పని కావాలన్నా అదే దారి. కాకపోతే ఊరి భాష, ఇంగ్లీషు కలిసేసరికి పిల్లల పుస్తకాల సంచీ నిండిపోతోంది. ఇంటి భాషకు చోటు దొరకడం లేదు. యానాంలో పరిస్థితి కొంత వేరు. అక్కడ వీధిలోనూ, ఆఫీసులోనూ తెలుగే వినిపిస్తుంది. అయినా ఇంగ్లీషు మీడియం పిల్లల చేతికి తెలుగు కథల పుస్తకం ఎంత తరచుగా వస్తోందని అడిగితే అక్కడి తల్లిదండ్రులు కూడా ఆలోచనలో పడతారు.

ఇందులో పోయేది లిపి ఒక్కటే కాదు. మంచీ చెడూ చెప్పే మాటలన్నీ ఇంటి భాషలోనే ఉంటాయి. 'కడుపులో పెట్టుకోవడం', 'ఎంగిలి చెయ్యి', 'మాట పడటం', 'పాపం' లాంటి మాటల్ని పరీక్షల కోసం నేర్చుకున్న భాషలో పిల్లలకు ఎలా చెబుతాం? "పాపం రా, వాడికి కూడా కొంచెం పెట్టు" అని అవ్వ అనే మాటలో ఉన్న జాలి ఇంగ్లీషు మోరల్ సైన్స్ పుస్తకంలో దొరకదు. అందుకే మన ఇళ్లలో బొమ్మల పుస్తకానికి రెండు పనులు. ఒకటి బుద్ధి చెప్పడం, రెండోది ఆ బుద్ధి చెప్పే భాషను బతికించడం.

పుట్టింది మన వైపే!

తెలుగు పిల్లల పుస్తకం అంటే హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో మనకు రావాల్సిన సరుకు అనుకుంటాం. చరిత్ర చూస్తే సంగతి వేరుగా ఉంది. పంచతంత్రం కథల్ని 1853లో 'నీతిచంద్రిక'గా తెలుగు పిల్లలకు అందించిన పరవస్తు చిన్నయసూరి పుట్టింది పెరుంబుదూరులో, అంటే నేటి తమిళనాడులో. ఆయన పాఠాలు చెప్పింది మద్రాసులో. తరతరాలు దిద్దుకున్న పెద్ద బాలశిక్ష కూడా మద్రాసు అచ్చుయంత్రాల మీదనే పుట్టింది.

రేడియో అన్నయ్యగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు స్వస్థలం ఒడిశాలోని బరంపురం. ఆయన, రేడియో అక్కయ్య కామేశ్వరి కలిసి మద్రాసు రేడియోలో పిల్లల్ని పోగేశారు. 1945లో అక్కడి నుంచే 'బాల' పత్రిక తెచ్చారు. రెండేళ్లకు, 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ' ప్రారంభించారు. అదీ మద్రాసులోనే. తెలుగుతో పాటే తమిళంలో 'అంబులిమామ'గా వచ్చింది. తర్వాత కన్నడం, మరాఠీ, ఒడియాలకు విస్తరించింది. కథ ఏ భాషలో ఉన్నా బొమ్మలు అవే! హోసూరులో తెలుగు పిల్లవాడు, పక్కింటి తమిళ పిల్లవాడు చూసింది ఒకే రాజును, ఒకే రాక్షసుణ్ని. భుజం మీద శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ని మన కళ్లకు కట్టిన చిత్రకారుడు శంకర్ తమిళుడు. ఆయన 2020లో 97వ ఏట కన్నుమూశారు. పత్రిక అంతకు ముందే, 2010వ దశకం మొదట్లోనే ఆగిపోయింది.

కాబట్టి సరిహద్దు తెలుగువాళ్లం బాలసాహిత్యాన్ని అరువు తెచ్చుకునేవాళ్లం కాదు. ఇచ్చినవాళ్లం. ఇవ్వడం ఎప్పుడు మానేశామో మనకే గుర్తు లేదు.

నీతి చివర్లో ఉంటే..

పిల్లల పుస్తకాల అంగడికి వెళ్లండి. 'నీతి కథలు' అన్న పేరుతో వరసగా పుస్తకాలు కనిపిస్తాయి. మెరిసే అట్ట, లోపల ముదురు రంగులు, ప్రతి కథ కింద గీత గీసి ఒక నీతి. అబద్ధమాడరాదు, పెద్దల మాట వినాలి, అత్యాశ పనికిరాదు. అన్నీ మంచి మాటలే. కానీ పిల్లల్ని గమనించండి. కథ అయిపోగానే పేజీ తిప్పేస్తారు. నీతి దగ్గర ఆగేది మనమే.

ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ 1945లో 'బాల'లో వచ్చింది. దాని పేరు 'అమ్మ మాట వినకపోతే'. పేరులోనే నీతి ఉంది. కానీ ఆ తర్వాత ఆయన రాసి, బాపు గీసిన ఏ పిల్లవాడు తెలుగు ఇళ్లలో స్థిరపడిపోయాడు? ఎవరి మాటా వినని బుడుగు! అల్లరి చేస్తాడు, పెద్దవాళ్ల మాటల్ని వాళ్లకే అప్పజెబుతాడు. అయినా వాడిని ఎవరూ చెడ్డవాడనరు. ఎందుకంటే వాడు దొంగ కాదు, దుర్మార్గుడు కాదు. చూసింది చూసినట్టు చెప్పేస్తాడు. పెద్దల నటనను పిల్లవాడి కన్ను పట్టేస్తుందని బుడుగు చదివిన పెద్దలకు అర్థమైంది. నీతి అన్న మాట లేకుండానే!

టాల్‌స్టాయ్ పల్లె పిల్లల కోసం ఒక పేజీ కథ రాశాడు. అమ్మ ప్లమ్ పండ్లు తెచ్చి, భోజనం అయ్యాక పెడదామని పళ్లెంలో ఉంచుతుంది. వాన్యా అనే చిన్నవాడు ఆ పండును ఎప్పుడూ తినలేదు. వాసన చూస్తూ చుట్టూ తిరుగుతాడు. ఎవరూ లేనప్పుడు ఒకటి నోట్లో వేసుకుంటాడు. లెక్కలో ఒకటి తగ్గింది. ఎవరు తిన్నారని భోజనాల దగ్గర నాన్న అడిగితే అందరూ కాదన్నారు. వాన్యా కూడా. తిన్నందుకు కాదు నా భయం, లోపలి గింజ మింగితే ఒక్క రోజులో ప్రాణం పోతుంది, అదీ నా బెంగ అన్నాడు నాన్న. వాన్యా మొహం పాలిపోయింది. లేదు, గింజ కిటికీలోంచి పారేశాను అనేశాడు! అందరూ నవ్వారు. వాన్యా ఏడ్చాడు. కథ అక్కడే ఆగిపోతుంది. కింద గీత లేదు, నీతి లేదు. ఆ ఏడుపే నీతి.

మన బేతాళ కథలదీ ఇంచుమించు అదే పద్ధతి. కథ చెప్పి ఊరుకోకుండా బేతాళుడు ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. ముగ్గురిలో ఎవరి త్యాగం గొప్పది? తప్పు రాజుదా, మంత్రిదా? విక్రమార్కుడు జవాబు చెప్పేలోపు వింటున్న పిల్లవాడు కూడా ఒక జవాబు తయారు చేసుకుంటాడు. మంచి ఏదో వాడికి ఎవరూ చెప్పలేదు. వాడే తూచుకున్నాడు. తూచడం వచ్చిన పిల్లవాడికి రేపు మనం పక్కన లేకపోయినా ఫర్వాలేదు.

మహాశ్వేతాదేవి రాసిన మొయినా కథ ఈ మధ్యకాలపు పుస్తకం. కన్యికా కిణి బొమ్మలు వేయగా చెన్నైలోని తూలికా సంస్థ తెలుగుతో సహా పలు భాషల్లో తెచ్చింది. మొయినా శబర తెగ పిల్ల. మేకలు కాస్తుంది, దొడ్డి ఊడుస్తుంది. ప్రతిదానికీ 'ఎందుకు' అంటుంది. నీళ్లకు అంత దూరం నడవడం ఎందుకు? మిగిలిన అన్నం పెట్టినందుకు బాబులకు దణ్ణం పెట్టడం ఎందుకు, నేను చేసిన చాకిరీకి వాళ్లు నాకు పెట్టారా? మా ఊళ్ల భాషలో చెప్పాలంటే 'ఏంటికి' పిల్ల! పెద్దల మాటకు ఎదురు చెప్పరాదన్న నీతి కథల పక్కన ఈ పుస్తకం పెట్టి చూడండి. వినయం ఒక గుణమైతే, అన్యాయాన్ని అడగడం కూడా ఒక గుణమే. రెండూ కావాలి. చివరికి మొయినా చదువుకుని, తానే పిల్లలకు పాఠాలు చెప్పే స్థాయికి ఎదుగుతుంది.

బొమ్మ తప్పు చెబితే?

అక్షరం కన్నా ముందు పిల్లలు బొమ్మను చదువుతారు. రాసింది మంచిదే అయినా బొమ్మ వేరే పాఠం చెప్పవచ్చు. కొనేముందు ఒకసారి పేజీలు తిప్పి చూసుకోండి. మంచివాళ్లంతా తెల్లగా, దొంగలు, రాక్షసులు మాత్రం నల్లగా ఉన్నారా? అబ్బాయి చదువుతుంటే అమ్మాయి ఎప్పుడూ చీపురు పట్టుకునే కనిపిస్తోందా? కుంటివాడో, మెల్లకన్ను మనిషో కనిపిస్తే వాడే కుట్రదారా? పేదవాడంటే చింపిరి జుట్టు, దొంగచూపేనా? ఇవి పాతకాలపు పుస్తకాల్లో చాలాచోట్ల ఉన్నాయి. ఇప్పటి చవక పుస్తకాల్లోనూ పోలేదు. మా అమ్మాయి ఒకసారి తన బొమ్మకు రంగు వేసుకుంటూ "నేను మంచిదాన్ని కదా, తెల్లగా వేసుకుంటా" అంది. తన రంగు మా అమ్మ రంగే, చామనచాయ. ఆ మాట మేమెవరమూ నేర్పలేదు. ఏదో ఒక బొమ్మ నేర్పింది.

అలాగని పాత పుస్తకాలన్నీ పారేయాల్సిన పనిలేదు. పక్కన కూర్చుని చదివితే చాలు. "ఈ రాక్షసుడు ఏంటికి నల్లగా ఉండాడో నువ్వే చెప్పు" అని అడిగితే అదే పెద్ద పాఠం.

తలుపు దగ్గర పరీక్ష

పుస్తకం పిల్లలకు బుద్ధి చెబుతుందని కొంటాం. అది మనకే ఎదురు తిరుగుతుందని ఎవరూ చెప్పరు!

వాన్యా కథ చెప్పిన వారానికే మా ఇంట్లో ఇది జరిగింది. నెలాఖరు. చీటీ డబ్బుల కోసం మనిషి వచ్చాడు. నా దగ్గర లేవు. "నాన్న ఇంట్లో లేడని చెప్పు పో" అని అమ్మాయిని పంపాను. పోయింది, చెప్పింది, తిరిగొచ్చింది. నా ముందు నిలబడి నన్నే చూస్తోంది.

"ఏమ్మా?"

"వాన్యా ఏడ్చినాడు కదా నాన్నా.. నువ్వు ఏడ్వవా?"

జవాబు లేదు. మూలన కూర్చున్న మా అమ్మ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి నా వైపు చూసింది. చొక్కా వేసుకుని మెట్లు దిగాను. మలుపు దగ్గర అతన్ని పట్టుకుని ఒక వారం గడువు అడిగాను. సరే అన్నాడు. అంతే! ఆ అబద్ధం అవసరమే లేదు. పది నీతి వాక్యాలు నాకు కంఠతా వచ్చు. అవేవీ నన్ను మెట్లు దింపలేదు. ఒక పేజీ కథ, అది విన్న పిల్ల దింపారు.

పిల్లలకు మంచి పుస్తకాలు ఇవ్వడమంటే మనల్ని చూసే కన్ను ఒకటి ఇంట్లో పెట్టుకోవడమే. అందుకు సిద్ధపడితేనే కొనండి!

ఎక్కడ దొరుకుతాయి?

మన ఊళ్లలో తెలుగు పిల్లల పుస్తకాల అంగడి కనిపించడం అరుదు. అయినా దారులు మూసుకుపోలేదు.

బెంగళూరు కేంద్రంగా 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ చిన్నపిల్లల పుస్తకాలను పలు భారతీయ భాషల్లో తెస్తోంది. ఆ సంస్థే 2015లో స్టోరీవీవర్ పేరుతో ఇంటర్నెట్‌లో కథల భాండాగారం తెరిచింది. ఉచితంగా చదవొచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. కథల్ని నాలుగు స్థాయిలుగా విడగొట్టారు. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే ఉంటాయి. తెలుగుతో పాటు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ కూడా ఉన్నాయి. చాలా కథలు ఒకటి కన్నా ఎక్కువ భాషల్లో దొరుకుతాయి. మనకు పనికొచ్చేది ఇదే! పిల్లవాడికి బడిలో వచ్చిన భాషలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి జిరాక్స్ అంగడిలో తీయించి పక్కపక్కన పెట్టండి. బొమ్మలు అవే కాబట్టి ఏ మాటకు ఏ మాటో వాడే పట్టేస్తాడు. ఒక జాగ్రత్త. అక్కడ ఎవరైనా అనువాదం చేయొచ్చు కాబట్టి అన్నీ ఒకే తీరుగా ఉండవు. ముందు మీరు చదివి, నాలుక తిరిగితేనే పిల్లలకు ఇవ్వండి.

ఆ సంస్థ పుస్తకాల్లో రోహిణీ నీలేకణి సృష్టించిన శృంగేరి శ్రీనివాస్ మా ఇంట్లో అందరికీ చుట్టమైపోయాడు. ఏడాదికోసారి జుట్టు కత్తిరించుకోవాలని బయలుదేరితే ఎవరికీ తీరిక ఉండదు. ఒక్కొక్కరూ పనుందని పంపేస్తుంటే ఆ మొహం చూసి మా అమ్మాయి "పాపం" అంది. తెలుగులోనే అంది!

చెన్నైలో 1996లో మొదలైన తూలికా సంస్థ ఒకే పేజీలో ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉండే పుస్తకాలు వేస్తుంది. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరసలో తెలుగు బొమ్మల పుస్తకాలు తెచ్చింది. ఒకప్పుడు మాస్కో నుంచి వచ్చిన రంగుల తెలుగు పుస్తకాలు 1991తో ఆగిపోయాయి. వాటిలో కొన్నింటిని సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ మళ్లీ అచ్చువేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చే చుట్టాలను స్వీట్ల డబ్బా బదులు వీటిలో రెండు తెమ్మనండి. బరువూ తక్కువే, చక్కెర జబ్బు భయమూ లేదు!

చదివేటప్పుడు..

- ముందు బొమ్మ, తర్వాతే మాట. ఏం జరుగుతోందో పిల్లల్నే చెప్పనివ్వండి. తప్పు చెప్పినా దిద్దకండి.
- నీతి మీరు చెప్పకండి. "నువ్వయితే ఏం చేస్తావు?" అని అడిగి ఊరుకోండి. జవాబు రేపు రావచ్చు.
- అవ్వా తాతలకు చదువు రాదని పక్కన పెట్టకండి. బొమ్మ వాళ్ల చేతిలో పెట్టండి. కథ వస్తుంది.
- పిల్లలు మీ ఊరి తెలుగులో చెబితే పుస్తకం తెలుగులోకి మార్చకండి. 'ఉండాది' అన్నా తెలుగే, 'ఉంది' అన్నా తెలుగే.
- అడిగిన కథే మళ్లీ మళ్లీ అడుగుతారు. విసుక్కోకండి. పదోసారికి అక్షరం గుర్తుపడతారు.
- కొట్టి, తిట్టి చదివించకండి. దయ గురించిన పుస్తకాన్ని దెబ్బలతో చదివిస్తే పిల్లలకు గుర్తుండేది దెబ్బలే.

మా ఇంట్లో ఇప్పుడు ఒక కొత్త అలవాటు మొదలైంది. కన్నడం చదివిన కంటికి తెలుగు అక్షరం సగం తెలిసినట్టే ఉంటుంది. నా భార్య కూడబలుక్కుంటూ చదువుతుంది. ఆమె తడబడిన చోట అమ్మాయి బొమ్మ చూసి మాట అందిస్తుంది. ఆ మాట సరైనదో కాదో అవ్వ తేలుస్తుంది. నేను అడిగితే తప్ప నోరు విప్పకూడదని నాకు షరతు. మొన్న రాత్రి అమ్మాయి 'నక్క' అన్న మాట మీద వేలు పెట్టి, "అవ్వా, ఇది నీ నక్క" అంది. అవ్వ కళ్లజోడు సర్దుకుని ఆ రెండు అక్షరాల వైపు చాలాసేపు చూసింది.

"ఇంతేనా నక్క?" అంది. "ఇన్నాళ్లూ ఇదేదో పెద్దదనుకుంటిని. యాదీ, ఇంకొకటి చూపించు!"